పుట్టుకతో వచ్చిన జన్యువు - మెదడు - నడక

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత. వార్ధక్యమున మతిని హరించు అల్జైమర్ వ్యాధి విషయమున ఈ మాట ఎంతవరకు నిజము?

1901లో జ్ఞాపకశక్తి చెడి, ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో చేరిన 51 ఏండ్ల స్త్రీ 1906లో మరణించెను. ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అలోయిస్ అల్జైమర్ నాడీకణములలో చిక్కుపడిన పోగులను, కణముల నడుమ పేరుకొనిన మచ్చలను చూచెను. వ్యాధికి ఆయన పేరే నిలిచినది.

1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, 19వ క్రోమోసోముపై గల ‘అపో-ఇ’ జన్యువునకు ఈ వ్యాధితో సంబంధము కలదని తెలిపిరి. ఈ జన్యువు యొక్క ‘ఎప్సిలాన్-4’ రూపము తలిదండ్రులలో ఒకరినుండి సంక్రమించినచో వ్యాధి వచ్చు అవకాశము హెచ్చును. ఇరువురినుండియు సంక్రమించినచో మరింత హెచ్చును. అయినను అది ఉన్నవారందరికిని వ్యాధి రాదు; లేనివారికి రాదను హామీయు లేదు.

మరి ఈ భేదమునకు కారణమేమి? సమాధానమునకు ఒక దారి మెదడులోని భాగముల పరస్పర సంబంధమును కొలుచుటలో దొరకినది. రెండు ఊళ్ళ దీపములు ఒక్కమారే హెచ్చి తగ్గుచుండినచో, వానిని ఒకే తీగె కలుపుచున్నదని ఊహింతుము గదా! 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు ఎం.ఆర్.ఐ. యంత్రముతో ఇట్టి సంగతినే కనుగొనిరి. చేతులు కదల్పక విశ్రమించినవారిలో సైతము, చేతులను నడపు కుడి, ఎడమ ప్రాంతముల హెచ్చుతగ్గులు ఒకే లయలో సాగుచుండెను. విశ్రాంతివేళ కలిసి పనిచేయు మరియొక జాలకము అల్జైమర్ రోగులలో సడలినట్లు 2004లో స్టాన్‌ఫర్డు పరిశోధకులు చూపిరి.

2010లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమువారి పరిశీలనము వెలువడినది. ఏడాదిపాటు క్రమముగా నడచిన వృద్ధులలో ఆ జాలకపు సంబంధములు బలపడెను. అయితే వారిని జన్యువును బట్టి ఎన్నుకొనలేదు. ఆ లోటును కొంత తీర్చినది 2014లో కార్సన్ స్మిత్ బృందము ప్రకటించిన పరిశీలనము. ఆరోగ్యవంతులగు 97 మంది వృద్ధులను ఏడాదిన్నర పరిశీలింపగా, ఎప్సిలాన్-4 ఉండి వ్యాయామము తక్కువగా చేయువారిలో, జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపస్ భాగము సుమారు 3 శాతము కుంచించుకొనిపోయెను. ఆ జన్యురూపమే ఉండి, వ్యాయామము చేయువారిలో అట్టి క్షీణత కానరాలేదు.

అయితే వీరిచే ఎవరును వ్యాయామము చేయింపలేదు. వారి అలవాటునే గమనించిరి. కాబట్టి ఆ మేలు నడకవలననే కలిగినదని ఘంటాపథముగ చెప్పరాదు. నడక ఈ వ్యాధికి మందును కాదు. కాని ఒక్క మాట స్పష్టము: జన్యువు పుడకలవరకు వెంట వచ్చును, నిజమే, దాని ఫలితము మాత్రము పుట్టిననాడే నిర్ణయమై పోలేదు.