పట్టేసిన ఇంజను

మునగాలలో 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఓ రేకుల షెడ్డు. విజయవాడ వైపు పోయే లారీల ఊపుకి రేకులు దడదడలాడుతున్నాయి. గోనెపట్టాల మీద కిర్లోస్కర్ ఏవీ-1 విప్పేసి ఉంది. అయిదు హార్స్‌పవర్లు, ఒకటే సిలిండరు. ఫ్లైవీలు ఇటుకపొడి రంగుకి తిరిగింది.

బావి మీద నీళ్లు తోడిన ఇంజను ఇది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక రైతు కొట్టంలో మూలకు చేరింది. 2024 సెప్టెంబరు 1న భారీ వానలకు కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ వానలకే ఆ కొట్టం కూడా మునిగింది. సిలిండర్లోకి దిగిన నీళ్లు అక్కడే నిలవడంతో పిస్టను లైనరుకి పట్టేసింది.

కుర్రాడు సుత్తి ఎత్తాడు.

"కొట్టకురా. లోపలున్నది అల్యూమినియం, పగుల్తది. నాననీ," అన్నాడు మేస్త్రీ.

రాత్రంతా డీజిల్లో నానింది. పొద్దున చెక్కముక్క ఆనించి మెల్లగా నొక్కితే కిర్రుమని కదిలింది. ఆ చప్పుడుకి అందరం ఒక్కసారే వంగాం.

ఇప్పుడు తుప్పు పని. నీలం డ్రమ్ములో నీళ్లు, అందులో బట్టల సోడా. బ్యాటరీ ఛార్జరు నెగటివ్ తీగ ఇంజను భాగానికి, పాజిటివ్ తీగ పాత ఇనుప ముక్కకి. తీగలు తారుమారైతే కాపాడాల్సిన ఇనుమే కరిగిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క పెట్టనే కూడదు, అందులోని క్రోమియం నీళ్లను విషం చేస్తుంది. కాసేపటికి బుడగలు లేచాయి. అది హైడ్రోజన్.

"బీడీ బయట తాగు బాబాయ్, ఈ గాలి మండుతది."

రైతు దూరం జరిగాడు.

యాసిడ్ అయితే పని తొందరగా తెములుతుంది. కానీ అది తుప్పుతో ఆగదు, మంచి ఇనుమునీ తింటుంది. సోడా నీళ్లు తుప్పునే వదిలిస్తాయి, అందుకే నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. అయితే అన్నీ డ్రమ్ములోకి పోవు. అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది కనుక పిస్టను బయటే ఉంది. వాల్వు స్ప్రింగులూ అంతే: గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసై, నడుస్తూ నడుస్తూ విరుగుతుంది. వాటిని కుర్రాడు కిరోసిన్‌లో ముంచి బ్రష్షుతో ఓపిగ్గా రుద్దుతున్నాడు.

సాయంత్రం సిలిండరు హెడ్డుని డ్రమ్ములోంచి పైకి తీస్తే ఒంటినిండా నల్లటి మడ్డి. గుడ్డతో తుడిచి, కడిగి, ఎండబెట్టి, వెంటనే ఆయిల్ పూశారు. ఆలస్యమైతే కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది.

లైనరు లోపల పిస్టను ఆగిన చోట గుంటలు పడ్డాయి. గోరు పెడితే తగులుతోంది. 80 మిల్లీమీటర్ల ఆ గుండ్రంలో రింగు ఇక ఆనదు. క్రాంకుని మాత్రం పాత ఆయిల్ జిడ్డు కాపాడింది. బేరింగు తిరిగే చోట ఉప్పుకాగితం తగలనివ్వకుండా మేస్త్రీ కిరోసిన్ గుడ్డతోనే తుడిచి, మైక్రోమీటరు పెట్టి అన్ని వైపులా చూశాడు. తేడా లేదు.

"లైనరు, పిస్టను, రింగులు కొత్తవి తెప్పియ్యాలె బాబాయ్. క్రాంకు పాతదే ఏస్త."

రైతు అప్పటికే ఫోను తీసి కోదాడ షాపుకి కలుపుతున్నాడు.