ఆకు మీద తెల్ల గీత కనిపిస్తే: పాముపొడ ఈగ గురించి కొంచెం వివరంగా

కిందటేడాది మే నెలలో నేను వాల్డార్ఫ్‌లో ఐదు తెలుగు ఇళ్ళకి టమాటా, వంగ, గోంగూర నారు పంచాను. మార్చి నుంచి హాల్లో కిటికీ గట్టు మీద పెంచిన నారు అది. ఇక్కడ మే మధ్యలో ‘ఐస్‌హైలిగె’ అనే చలి రోజులు దాటేదాకా టమాటా మొక్కని బయట పెట్టరు కాబట్టి అందరం ఆ వారం కోసం ఎదురు చూస్తుంటాం. ఇచ్చేటప్పుడు రెండు మూడు ఆకుల మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి తెల్ల గీతలు కనిపించాయి. కిటికీ అద్దం వేడికి అలా అయ్యిందేమో అనుకుని ఇచ్చేశాను. బీఎస్సీలో జువాలజీ చదివినదాన్ని, ఆ మాత్రం ఆగి చూడాల్సింది. మూడు వారాలు తిరక్కుండానే ఒకరి తర్వాత ఒకరు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడం మొదలుపెట్టారు. "అక్కా, ఆకు లోపల ఏదో పాకినట్టుంది. కాయలు తినొచ్చా?"

తినొచ్చు. అది ఆకులోనే ఉంటుంది, కాయ జోలికి రాదు, మనుషులకి హాని చేయదు. పాలకూర, తోటకూర లాంటి వాటిలో మాత్రం గీతలున్న ఆకులు ఏరి పారేయండి. కానీ ఇది ఏమిటో, ఎలా వచ్చిందో తెలుసుకుంటే మనం ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకునే పచ్చి ఆకుల గురించి కూడా కొంత ఆలోచించాల్సి వస్తుంది. అందుకే రాస్తున్నాను.

మన రైతులు దీన్ని పాముపొడ అంటారు. పాము పాకిన జాడలా ఉంటుంది కాబట్టి. ఇంగ్లీషులో లీఫ్ మైనర్, జర్మన్‌లో మినియర్‌ఫ్లీగె. కొందరు పాముపొడ తెగులు అనడం వల్ల బూజు మందు కొడుతుంటారు. ఇది బూజూ కాదు, వైరస్సూ కాదు. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండీ ఉండని ఒక ఈగ పిల్ల చేసే పని. పెద్ద ఈగ నలుపూ పసుపూ కలిసి ఉంటుంది. మా చిన్నాడి భూతద్దంతో చూస్తే వీపు మీద పసుపు చుక్క స్పష్టంగా కనిపించింది.

ఆడ ఈగ తన పొట్ట చివరి సూది లాంటి భాగంతో ఆకుని గుచ్చుతుంది. గుచ్చిన చోట ఊరిన రసం తాగుతుంది. మగ ఈగకి గుచ్చే సూది లేదు, ఆడది చేసిన రంధ్రాల దగ్గరే కాస్త తాగి బతుకుతుంది. ఆకు మీద ముందుగా కనిపించేవి ఈ తెల్లటి చుక్కలే. వాటిలో కొన్నింటిలో మాత్రమే గుడ్డు ఉంటుంది. రెండు నుంచి అయిదు రోజుల్లో గుడ్డు పగిలి, పిల్ల పురుగు ఆకు పై పొరకీ కింది పొరకీ మధ్యన పచ్చని భాగం తింటూ సొరంగం తవ్వుకుంటూ పోతుంది. తిన్న కొద్దీ పెరుగుతుంది, పెరిగిన కొద్దీ సొరంగం వెడల్పవుతుంది. అందుకే గీత ఒక చివర దారంలా మొదలై ఇంకో చివర లావుగా ముగుస్తుంది. ఆకుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే లావు చివర లేత పసుపు రంగు పురుగు, దాని వెనక దారి పొడుగునా నల్లటి రెట్ట కనిపిస్తాయి. వెచ్చగా ఉంటే వారం లోపే దాని తిండి అయిపోతుంది. అప్పుడు ఆకుని చీల్చుకుని బయటికొచ్చి, ఎక్కువగా మట్టిలోకి రాలి ప్యూపా అవుతుంది. మరో వారం రెండు వారాల్లో మళ్ళీ ఈగ. ఇల్లు వెచ్చగా ఉంటే మూడు వారాల్లో ఒక తరం పూర్తి. నేను పంచిన రోజుకీ ఫోటోలు వచ్చిన రోజుకీ మధ్య ఎందుకంత టైం పట్టిందో ఈ లెక్క చూశాకే అర్థమైంది. ఆకుల్లో ఉన్నవి కొన్నే. మిగతావి కుండీ మట్టిలో ఉన్నాయి.

ఇక ఇది ఎక్కడిది అన్న సంగతి. ఇలాంటి ఈగలు చాలా రకాలున్నాయి. యూరప్‌లో ఇక్కడి సొంత రకాలే ఉన్నాయి, టమాటాకి పట్టే లిరియోమైజా బ్రయోనియే లాంటివి. మా వాల్డార్ఫ్ చుట్టూ ఇసుక నేలల్లో పండే తెల్ల ఆస్పరాగస్‌కి కూడా ఒక ఈగ ఉంది, అది ఆకుని కాకుండా కాండాన్ని తొలుస్తుంది. ఆ ఈగ యూరప్ నుంచి అమెరికా వెళ్ళి అక్కడ స్థిరపడింది. 1763లో వాల్డార్ఫ్‌లో పుట్టి అమెరికాలో కోటీశ్వరుడైన జాన్ జేకబ్ ఆస్టర్‌తో పాటు ఈ ఊరి పంట తాలూకు ఈగకి కూడా అక్కడ బతుకుతెరువు దొరికిందన్నమాట.

ఎదురు దిశలో వచ్చినది లిరియోమైజా ట్రిఫోలియై. దీన్ని అమెరికన్ పాముపొడ ఈగ అనుకోవచ్చు. 1880లో వాషింగ్టన్‌లో ఒక రకం క్లోవర్ గడ్డి మీద దొరికిన ఈగల్ని చూసి బర్జెస్ అనే ఆయన దీన్ని వర్ణించాడు, ట్రిఫోలియై అన్న పేరు ఆ గడ్డిదే. 1970లలో ఫ్లోరిడాలో చేమంతి కొమ్మల్ని నాటడానికి పెట్టెల్లో పెట్టి ప్రపంచమంతా పంపేవారు. ఆ కొమ్మల ఆకుల్లో గుడ్లుగా ఇది కెన్యాకి, యూరప్‌కి చేరింది. చేమంతి కొమ్మలో కొత్తగా పెట్టిన గుడ్లు సున్నా డిగ్రీల చలిలో మూడు వారాలు కూడా బతకగలవు. పురుగు దశలో ఉన్నవి మాత్రం ఒకటి రెండు వారాల చలికి చస్తాయి. అంటే పెట్టెని చల్లగా ఉంచి పంపడం గుడ్డుకి మేలే చేసింది. ఆ తర్వాత 1980ల చివర్లో దక్షిణ అమెరికా రకం హుయిడోబ్రెన్సిస్ నెదర్లాండ్స్‌లో దిగింది.

మన దగ్గరికి వచ్చిన కథ నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే అది మొదట గుర్తించిన చోట్లలో హైదరాబాదే ముఖ్యం. 1990-91 ప్రాంతంలో రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన కేంద్రం వాళ్ళు ఆముదం ఆకుల మీద ఈ పాము గీతలు చూసి బయటపెట్టారు. అంతకు ముందు మన ఆముదం రైతుకి ఈ పురుగు తెలీదు. కొన్నేళ్ళలోనే అది టమాటా, పత్తి, దోస, బీర, అలసంద, చిక్కుడు, బంతి, చేమంతి అన్నింటికీ పాకింది. ఇరవై అయిదుకు పైగా మొక్కల కుటుంబాల మీద బతకగలదు కాబట్టి ఒక పంట కోసేస్తే ఇంకోటి దొరుకుతుంది. అదే కేంద్రంలో తర్వాత రకరకాల ఆముదాల్ని పరీక్షిస్తే, ఊదా రంగు మొక్క ఒకటి దీన్ని బాగా తట్టుకుంటున్నట్టు తేలింది. అన్నట్టు ఇక్కడి పార్కుల్లో ఎర్రటి ఆకుల ఆముదం మొక్కని ‘వుండర్‌బౌమ్’ అని, అంటే అద్భుత వృక్షం అని, అందం కోసం నాటుతారు. మా అత్తయ్య మొదటిసారి చూసి చాలాసేపు నవ్వారు.

మా ఇంటి నారులో ఉన్నది ఏ రకం అన్నది భూతద్దంతో తేలే విషయం కాదు. ఈ రకాలన్నీ ఒకేలా ఉంటాయి. మగ ఈగ జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయాలి. ట్రిఫోలియై అయితే వాల్డార్ఫ్ శీతాకాలంలో ఆరుబయట బతకదు, గ్రీన్‌హౌసుల్లో బతుకుతుంది. శీతాకాలమంతా ఇరవై డిగ్రీల్లో ఉంచే మన హాలూ దానికి గ్రీన్‌హౌసే. టమాటా ఆకులో సన్నటి గీతకి బదులు వెడల్పాటి పొక్కులా ఉండి, కాయకి కూడా రంధ్రం ఉంటే అది ఈగ కాదు, ట్యూటా అనే చిమ్మెట పిల్ల. అది 2006లో స్పెయిన్‌కి, 2014లో మహారాష్ట్రకి వచ్చింది. దాని కథ వేరు.

మందు కొట్టాలా అని అందరూ అడిగారు. వద్దు. పురుగు రెండు పొరల మధ్యన దాక్కుంటుంది, పై నుంచి కొట్టింది చాలావరకు దాన్ని తాకదు. పైగా దాన్ని తినే చిన్న కందిరీగలు చస్తాయి. ఈ ఈగ ప్రపంచమంతా పెద్ద సమస్య కావడానికి సగం కారణం ఇదే. ఇది మందులకి త్వరగా అలవాటు పడిపోయింది, దాని శత్రువులు పడలేదు. డిగ్లిఫస్ అనే బుల్లి కందిరీగ సొరంగం పైనుంచే పురుగుని కుట్టి కదలకుండా చేసి, పక్కనే తన గుడ్డు పెడుతుంది. జర్మనీలో గ్రీన్‌హౌసుల వాళ్ళు వీటిని డబ్బాల్లో కొనుక్కుంటారు, ‘ష్లుప్ఫ్‌వెస్పెన్’ అని అడిగితే ఇళ్ళకి కూడా పంపే దుకాణాలున్నాయి. బాల్కనీలో నాలుగు కుండీలకి అంత ఖర్చు అవసరం లేదు.

నేను చేసింది ఇది. గీతలున్న ఆకులు పురుగు ఇంకా లోపల ఉండగానే తెంపి, కవర్లో కట్టి, మామూలు చెత్త డబ్బాలో వేశాను. ‘బయో’ డబ్బాలో గానీ ఇంటి కంపోస్టులో గానీ వేస్తే అది అక్కడ హాయిగా ఈగ అవుతుంది. కుండీ పైన ఒక అంగుళం మట్టి తీసేసి కొత్త మట్టి వేశాను. మొక్కకి పక్కన పసుపు రంగు జిగురు అట్టలు గుచ్చాను, తోట సామాన్ల కొట్లో ‘గెల్బ్‌టాఫెల్న్’ అంటే ఇస్తారు. అట్టలు ఈగల్ని పూర్తిగా అంతం చేయవు. ఉన్నాయో లేవో మనకి చెప్తాయి, అంతే. మన ఊళ్ళలో వేప గింజల కషాయం కొడతారు. ఇక్కడ వేప సారంతో చేసిన మందు ఇంటి మొక్కలకి అమ్ముతారు, డబ్బా మీద రాసిన మొక్కలకే, రాసిన మోతాదులోనే వాడాలి. బలంగా ఎదిగిన టమాటాకి నాలుగు ఆకులు పోయినా ఏమీ కాదు. లేత నారుకి మాత్రం ప్రమాదం. రెండు ఇళ్ళలో నారు పూర్తిగా పోయింది. అందులో ఒకరు మూడో నెల గర్భిణి, గోంగూర కోసమే ఆ కుండీ పెట్టుకుంది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు సూట్‌కేసుల సంగతి. మా అత్తయ్య రాజమండ్రి నుంచి వస్తూ కడియం నర్సరీలో తులసి మొక్క, చేమంతి కొమ్మలు, ఒక కట్ట కరివేపాకు తెస్తానన్నారు. "తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెడితే రెండు రోజులు తాజాగా ఉంటాయమ్మా" అన్నారు. ఫ్లోరిడా వాళ్ళు చేసింది సరిగ్గా అదే.

2019 డిసెంబర్ 14 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి తెచ్చే మొక్కలకి, నాటే విత్తనాలకి, తాజా పళ్ళకి, కూరలకి, ఆకులకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ప్రయాణికుల సామానుకీ ఇదే రూలు. మినహాయింపు అయిదు పళ్ళకే: అనాస, కొబ్బరికాయ, దురియన్, అరటి, ఖర్జూరం. మామిడి ఆ జాబితాలో లేదు. గోంగూర విత్తనాల పొట్లం కూడా లెక్కలోకి వస్తుందని మన వాళ్ళలో చాలామందికి తెలియదు, నాకూ ఈ మధ్యదాకా తెలియదు. పొడులు, పచ్చళ్ళు ఈ నిబంధన కిందకి రావు. నెయ్యి మాత్రం పాల పదార్థాల నిషేధంలోకి వస్తుంది, అది వేరే గొడవ. పాముపొడ ఈగల్లోనే సటైవే అనే రకం యూరప్ క్వారంటైన్ జాబితాలో ఉంది. ఆ ఈగ ఉన్న దేశాల నుంచి వచ్చే ఆకుల్లో పేరు పెట్టి ప్రత్యేక హామీ అడిగే వాటిలో ‘ఆసిమమ్’ ఒకటి. ఆసిమమ్ అంటే మన తులసి, ఇక్కడి బేసిల్. ఇలాంటి క్వారంటైన్ పురుగు కనబడిందని తెలిస్తే మామూలు మనుషులు కూడా అధికారులకి చెప్పాలి. మా వైపు అది కార్ల్స్‌రూహె రెగీరుంగ్స్‌ప్రెసిడియంలోని మొక్కల రక్షణ విభాగం.

అత్తయ్యకి ఇదంతా ఫోన్లో చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. చట్టం గురించి చెప్తే వినలేదు. ఆముదం కథ చెప్తే విన్నారు. వాళ్ళ నాన్నగారు ఆముదం వేసేవారట, ఆకుల మీద గీతలు చూసి ఎవరో చేతబడి చేశారన్నారట ఊళ్ళో. "అయితే తులసి లేకుండా కోటలో దీపం ఎక్కడ పెట్టనమ్మా?" అని అడిగారు. ఇక్కడి మూలికల నర్సరీల్లో తులసి మొక్క ‘ఇండిషెస్ బసిలికుమ్’ అన్న పేరుతో దొరుకుతుంది, నేను ముందే తెచ్చి పెట్టాను. కరివేపాకు నీడలో ఎండబెట్టి పొడి కొట్టి తెచ్చారు.

ఈ ఏడు నారు ఇచ్చే ముందు మూడు వారాలు జిగురు అట్టలు పెట్టి ఉంచాను. శుక్రవారం రాత్రి ప్రతి ఆకునీ దీపానికి ఎత్తి చూశాను. రెండు వంగ కుండీల మీద తెల్ల చుక్కలు అనుమానంగా ఉంటే పక్కన పెట్టేశాను. మిగతావి శనివారం పొద్దున్నే తీసుకెళ్ళారు. మొదటి గోంగూర కుండీ ఆ అమ్మాయికే.