నిలిచిన రంగు, నిలువని పేరు

పెదవికి రంగు వేయుట కష్టము కాదు. వేసిన రంగును నిలుపుటయే కష్టము. ఉదయమున అద్దము ముందు దిద్దుకొన్న అధరరాగము కాఫీ త్రాగునప్పటికి సగము గ్లాసు అంచునకు అంటును. మిగిలిన సగము భోజనముతో పోవును. ఈ చిక్కు నేటిది కాదు. దానికి ఉపాయము వెదకుటయు నేటిది కాదు.

వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని దినచర్యను చెప్పుచు, అతడు మైనమును, లత్తుకను వాడి, అద్దమున మొగము చూచుకొని, తాంబూలము గైకొని పనులకు పోవలెనని వ్రాసెను. నాగరకుడనగా పురుషుడే సుమా! 13వ శతాబ్దమునాటి వ్యాఖ్యాత యశోధరుడు ఆ క్రమమును విప్పి చెప్పెను: కొంచెము తడిగా నున్న లత్తుక ముద్దతో పెదవిని రుద్ది, తాంబూలము సేవించి, పిమ్మట మైనపు గుళికతో అద్దవలెను. రంగుపై రంగు పట్టించి, దానిపై మైనపు పొర కప్పినచో తడికి త్వరగా చెదరదు. ఆ వరుసలోని యుక్తి ఇదియే యని మనము గ్రహింపవచ్చును.

పాశ్చాత్య రసాయనశాస్త్రము వేరొక త్రోవ త్రొక్కెను. పైపూత ఎంత దళసరి యైనను తుడిచిన పోవును. చర్మమునకే పట్టిన రంగు అంత సులభముగా పోదు. 19వ శతాబ్దమున జర్మనీలో కనుగొనబడిన ఇయోసిన్ అను రంగులో బ్రోమిను గలదు. అది చర్మమందలి మాంసకృత్తులతో కలిసి మరకవలె నిలుచును. 1927లో పారిసు నగరమున పాల్ బోద్‌క్రూ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఇట్టి రంగుతో ‘రూజ్ బెజే’ అను లిప్‌స్టిక్కును వెలువరించెను. అయితే ఈ జాతి రంగులతో ఒక బాధ కలదు: అవి పెదవులను ఎండజేయును.

ఆ బాధను తీర్పబూనిన స్త్రీ హేజెల్ బిషప్. ఆమె 1906లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించి, 1929లో బర్నార్డ్ కళాశాలలో రసాయనశాస్త్రమున పట్టము పొందెను. వైద్యురాలు కావలెనను ఆమె కోరికకు ఆర్థికమాంద్యము అడ్డు వచ్చెను. చర్మవైద్యుని ప్రయోగశాలలో కొంతకాలము, పెట్రోలు కంపెనీలలో కొంతకాలము పనిచేసెను. పగలు పెట్రోలు పరిశోధన. రాత్రి వంటయింట మైనము, నూనెలు, రంగులు. గొఱ్ఱెబొచ్చునుండి తీసిన లానొలిన్ అను క్రొవ్వును చేర్చి పెదవులకు మెత్తదనము నిచ్చెను. 309 ప్రయోగములు చేసిన పిమ్మట రంగు కుదిరెనని చెప్పుదురు.

1950లో న్యూయార్కు నగరమున ఒక డాలరు వెలకు ఆ లిప్‌స్టిక్కు అమ్మకమునకు వచ్చెను. గ్లాసునకు అంటదు, ముద్దునకు చెదరదు అను ప్రకటన ఇంటింట మారుమ్రోగెను. 1953 నాటికి అమ్మకములు కోటి డాలర్లను దాటెను. కాని ప్రకటనలను నడపిన రేమండ్ స్పెక్టర్ చేతిలోనికి కంపెనీ వాటాలలో అధికభాగము పోయెను. 1951లో ఆమె న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. 1954లో రాజీ కుదిరెను. ఆమెకు 2,95,000 డాలర్లు దక్కెను. కాని తన పేరుతో అలంకరణద్రవ్యములు అమ్ముకొను హక్కు పోయెను. పెట్టెపై ఆమె పేరు. పెట్టె మాత్రము పరులది!

ఆమె క్రుంగిపోలేదు. వాటాల వ్యాపారమున ప్రవేశించి నిపుణురాలని పేరు గాంచెను. తరువాత న్యూయార్కులోని ఒక విద్యాసంస్థలో అలంకరణద్రవ్యముల విషయమునే విద్యార్థులకు బోధించెను. 1998లో మరణించెను.

నేటి లిప్‌స్టిక్కులు కొన్నింటిలో త్వరగా ఆవిరియగు ద్రవములును, సిలికాన్ జిగురులును కలుపుచున్నారు. ద్రవము ఆరిపోగా రంగు పలుచని పొరగా పెదవిపై నిలుచును. యశోధరుడు చెప్పిన మైనపు గుళిక చేసిన పనియే ఇదియు. ఉపాయములు మారినను పొర కప్పుట, రంగు పట్టించుట అను మార్గములు రెండే. రంగును నిలుపు విద్య బిషప్ సాధించెను. సాధించినవారి పేరును వారికే నిలుపు విద్యను లోకము ఇంకను నేర్వవలసి యున్నది.