రుజువు ఎవరు తేవాలి?

అమెరికాలో సైన్యం నుంచి విడుదలైన ప్రతి మనిషి చేతిలో ఒక కాగితం పెడతారు. 1950 నుంచి దాని పేరు డీడీ 214. ఎన్నాళ్లు పనిచేశాడు, ఎక్కడ పనిచేశాడు, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ అందులోనే ఉంటాయి. మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరాలన్నా, ఇంటి అప్పు కావాలన్నా, చనిపోయాక సైనిక లాంఛనాలు జరగాలన్నా అధికారి ముందుగా చూసేది దాన్నే. అందులో పతకం పేరు తప్పిపోతే ఆ మనిషి పరిస్థితి అడంగల్‌లో పేరు లేని రైతు పరిస్థితే. సాగు చేసింది నిజం, ఊరందరికీ తెలుసు, ఆఫీసులో మాత్రం లేదు. ఇలాంటి తప్పు దిద్దమని సైనికుడు పోయాక అతని వారసులు కూడా అడగవచ్చని ఆ దేశపు చట్టం చెబుతోంది. ఆ హక్కు గొప్పదే. అయితే కాగితాన్ని తప్పుగా రాసింది, తరవాత పోగొట్టింది ప్రభుత్వమే అయినప్పుడు, రుజువంతా మీరే తెండని కుటుంబాన్ని అడగడం న్యాయం కాదన్నది నా వాదన.

పతకాలు తప్పిపోవడానికి పెద్ద కుట్రలేవీ అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లక్షల మందిని కొద్ది నెలల్లో ఇళ్లకు పంపాల్సి వచ్చింది. విడుదల కేంద్రాల్లో గుమాస్తాలు చేతిలో ఉన్న కాగితాలు చూసి టైపు కొట్టారు. యూనిట్ నుంచి రావాల్సిన ఉత్తర్వు ఆ రోజుకి చేరకపోతే, అది ఆ సైనికుడి రికార్డుకి ఎక్కలేదు. యుద్ధకాలంలో లోహం పొదుపు చేయాల్సి ఉండడంతో చాలా పతకాలకు రిబ్బన్లు మాత్రమే ఇచ్చి, అసలు పతకాలు యుద్ధం తరవాత పోత పోశారు. అప్పటికి సైనికుడు పొలంలోనో ఫ్యాక్టరీలోనో ఉన్నాడు. పైగా కొన్ని అర్హతలు మనిషి ఇంటికి చేరాక పుట్టాయి. పదాతి దళంలో పోరాడినందుకు కంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జ్ పొందినవారికి బ్రాంజ్ స్టార్ కూడా ఇవ్వాలని 1947లో నిర్ణయించారు. రెండేళ్ల కిందటే యూనిఫాం విప్పేసిన మనిషికి ఆ సంగతి తెలిసే దారేది? తెలియకుండానే చనిపోయినవాళ్ల కాగితాల్లో బ్యాడ్జ్ ఉంటుంది, దానివల్ల రావాల్సిన పతకం ఉండదు. ఇక్కడ ఎవరి ధైర్యాన్నీ కొత్తగా తూచనక్కర్లేదు. నిబంధన ఒకటి, దానికి సరిపోయే మనిషి ఒకడు, మధ్యలో రాయని గడి ఒకటి.

ఆ పైన అగ్నిప్రమాదం వచ్చిపడింది. 1973 జులై 12న సెయింట్ లూయిస్ దగ్గర జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తు తగలబడింది. మంటలు పూర్తిగా చల్లారడానికి నాలుగు రోజులు పట్టింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి వరకు విడుదలైన ఆర్మీ సిబ్బంది రికార్డుల్లో సుమారు 80 శాతం బూడిదయ్యాయి. రికార్డులున్న అంతస్తులో నీళ్లు చిమ్మే ఏర్పాటు లేదు. నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏ ఫైళ్లు ఉండేవో చెప్పే సూచిక కూడా లేదు. అంత పెద్ద దేశం రెండు ప్రపంచ యుద్ధాల, కొరియా యుద్ధపు సైనికుల జీవితాలను ఒకే కప్పు కింద, ఒకే ప్రతిగా దాచుకుంది. ఇది సైనికుడి నిర్లక్ష్యం కాదు. తరవాత అధికారులు శ్రమపడ్డారన్నదీ నిజమే. తడిసిన కాగితాలను గాలి తీసేసిన గదుల్లో ఆరబెట్టారు, జీతాల వోచర్లతో సర్వీసు వివరాలు తిరిగి కూర్చారు. ఆర్మీ ఆసుపత్రుల్లో చేరినవారి గురించి సర్జన్ జనరల్ కార్యాలయం గణాంకాల కోసం తయారుచేసిన పాత కంప్యూటర్ టేపులు 1988లో ఆ కేంద్రానికి చేరాయి. వాటిలో పేర్లు లేవు, సర్వీసు నంబర్లే ఉన్నాయి. అయినా యుద్ధంలో గాయపడినందుకు ఇచ్చే పర్పుల్ హార్ట్ కోసం వెతికే కుటుంబానికి అది పెద్ద ఆసరా. వెతికితే ప్రభుత్వం దగ్గరే సాక్ష్యం దొరుకుతుందని దీనివల్ల తెలుస్తోంది.

దిద్దుబాటు వ్యవస్థ చరిత్ర కూడా చెప్పుకోదగ్గదే. 1946కి ముందు సైనిక రికార్డులో తప్పు సరిచేయాలంటే కాంగ్రెస్‌లో ఆ ఒక్క మనిషి కోసం ప్రత్యేక బిల్లు పెట్టించుకోవాల్సి వచ్చేది. పలుకుబడి ఉన్నవాడికే అది సాధ్యం. ఆ ఏడాది చేసిన చట్టం అలాంటి బిల్లులను ఆపి, సివిలియన్లతో దిద్దుబాటు బోర్డులు పెట్టమంది. తప్పు కనిపెట్టిన మూడేళ్లలోపు అర్జీ పెట్టాలి, న్యాయం కోసం అవసరమైతే బోర్డు ఆ గడువును పక్కన పెట్టవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ బోర్డులు ఒక ఊహతో మొదలుపెడతాయి: అధికారులు తమ పని సక్రమంగానే చేసి ఉంటారు, కాదని నిరూపించే భారం అర్జీదారుడిది. మామూలు కేసుల్లో ఈ సూత్రం సబబే. ఫైలు కాలిపోయిన చోట దాని అర్థం మారిపోతుంది. రుజువును కాలనిచ్చిన పక్షమే రుజువు అడుగుతోంది.

రుజువు ప్రభుత్వం దగ్గరే ఉండిపోవచ్చనడానికి హెన్రీ జాన్సన్ కథ గట్టి సాక్ష్యం. న్యూయార్క్‌కు చెందిన నల్లజాతి రెజిమెంటు 369వ ఇన్‌ఫాంట్రీ. సొంత సైన్యం దాన్ని ఫ్రెంచి సేనకు అప్పగించింది. 1918 మేలో ఆర్గాన్ అడవిలో కాపలా కాస్తూ జాన్సన్ జర్మన్ దాడి బృందాన్ని తుపాకి మడమతో, కత్తితో ఎదుర్కొని గాయపడిన తోటి సైనికుణ్ణి కాపాడాడు. ఒంటిమీద 21 గాయాలు. ఫ్రాన్స్ తన శౌర్య పతకం క్రా ద గేర్ ఇచ్చింది. అతని విడుదల కాగితాల్లో ఆ గాయాల ఊసే లేదు, 1929లో చనిపోయాడు. పర్పుల్ హార్ట్ 1996లో వచ్చింది, దేశపు అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ 2015లో వచ్చింది. చివరి దశలో కేసును నిలబెట్టినవాటిలో ఆనాటి అమెరికా సేనాధిపతి జనరల్ పెర్షింగ్ పంపిన సమాచార పత్రం ఒకటి. అది దాదాపు శతాబ్దం పాటు ప్రభుత్వ దస్త్రాల్లోనే ఉంది. వేవర్లీ ఉడ్సన్‌కూ పెద్ద పతకం చనిపోయాకే వచ్చింది. నార్మండీ దండయాత్ర రోజున ఒమాహా తీరంలో తాను గాయపడి కూడా గంటల తరబడి వైద్యం చేసిన ఈ నల్లజాతి వైద్య సహాయకుడి ఫైలు 1973లో కాలిపోయింది. అతను 2005లో పోయాడు, డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ 2024లో ప్రకటించారు.

చనిపోయినవాడికి పతకం ఎందుకని ఒక ప్రశ్న. రికార్డు ఆ మనిషి సొత్తు మాత్రమే కాదు, ప్రభుత్వం తన గురించి తాను ఇచ్చుకున్న సాక్ష్యం కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా నల్లజాతి సైనికులు పనిచేస్తే, ఆనాడు వాళ్లలో ఒక్కరికీ మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వలేదు. ఆ రికార్డును అలాగే వదిలేస్తే, ధైర్యం ఒక రంగు మనుషులదేనని ప్రభుత్వమే చెబుతున్నట్టు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఇలా తవ్వుతూ పోతే పతకాల విలువ పడిపోతుందని, నేటి రాజకీయం నిన్నటి పతకాలు పంచుతుందని. ఆ భయం నిరాధారం కాదు. అందుకే రెండు రకాల అర్జీలను విడదీయాలి. నిబంధన ప్రకారం రావాల్సిన పతకాన్ని గుమాస్తా రాయకపోతే కుటుంబం అడగకముందే దిద్దాలి. ధైర్యాన్ని తూచాల్సిన పతకానికి కఠినమైన పరిశీలన ఉండాల్సిందే. 1990లలో జరిగింది అదే. నార్త్ కరొలైనాలోని షా యూనివర్సిటీ పరిశోధకులు సైన్యం కోరికపై పదిమంది నల్లజాతి సైనికుల పేర్లు సూచించారు. 1997లో మెడల్ ఆఫ్ ఆనర్ ఏడుగురికి దక్కింది, అప్పటికి వాళ్లలో బతికున్నది వెర్నాన్ బేకర్ ఒక్కడే. పైగా రికార్డును తిరగరాయడం నేటివాళ్ల అలవాటేమీ కాదు. అంతర్యుద్ధ కాలపు డాక్టర్ మేరీ వాకర్‌తో సహా 911 మంది పేర్లను 1917లో మెడల్ ఆఫ్ ఆనర్ జాబితా నుంచి కొట్టేశారు. ఆమె పతకాన్ని 1977లో తిరిగి ఇచ్చారు. తీసేసేటప్పుడు చరిత్ర చెడిపోతుందని ఆగనివాళ్లు, తిరిగి చేర్చేటప్పుడు ఆ మాట అనడానికి వీల్లేదు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకనుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం కోసం చనిపోయిన భారతీయ, ఆఫ్రికన్ సైనికుల్లో లక్ష మందికి పైగా పేర్లను ఏ స్మారకం మీదా చెక్కలేదని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకుంది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి ఆ యుద్ధానికి వెళ్లినవాళ్ల వారసులు నేటికీ ఉన్నారు. ఆధారం చూపితే తప్పిపోయిన పేర్లు చేర్చే పద్ధతి ఆ కమిషన్‌కు ఉంది. మీ ఇంట్లో తాతగారిదో ముత్తాతగారిదో డిశ్చార్జి పుస్తకం, జీతం కాగితం, సర్వీసు నంబరున్న పతకం ఉంటే పాత ఇనుముకు వేయకండి. నంబరు రాసుకోండి, రెండు వైపులా ఫొటో తీసి భద్రపరచండి. పతకాల విషయమైతే ఆయన పనిచేసిన రెజిమెంటు రికార్డు కార్యాలయానికి, యుద్ధంలో ప్రాణం పోయిన మనిషి పేరు విషయమైతే కమిషన్‌కు ఆ నకలు జతచేసి లేఖ రాయండి.