కిడ్నీకి ధర ఎప్పుడొచ్చింది?

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే కవల సోదరుల్లో ఒకరి కిడ్నీ తీసి మరొకరికి అమర్చారు. అచ్చుగుద్దినట్టుండే కవలలు కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా చూడలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల కిడ్నీనైతే ఒళ్లు తిప్పికొట్టేది. అందుకే ఆ రోజుల్లో అమ్ముతానని ఎవరైనా వచ్చినా, కొన్నవాడికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కథ మలుపు తిరిగింది నార్వే మట్టిలో దొరికిన ఒక బూజువల్ల. దాన్నుంచి తీసిన సైక్లోస్పోరిన్‌ను అమెరికా 1983లో అనుమతించింది. శరీరం తిరగబడకుండా ఆపే ఈ మందుతో అపరిచితుల కిడ్నీ కూడా బాగా పనికొచ్చింది. పనికొచ్చాక ధర పలకకుండా ఉంటుందా? అదే ఏడాది, వర్జీనియాలో అప్పటికే లైసెన్సు పోగొట్టుకున్న బారీ జేకబ్స్ అనే డాక్టరు, పేద దేశాలవాళ్ల కిడ్నీలను బేరం కుదిర్చి, కమీషన్ తీసుకునే వ్యాపారం పెడతానన్నాడు. అమెరికా కాంగ్రెస్ ఉలిక్కిపడింది. 1984లో అవయవాల అమ్మకాన్ని నిషేధించి, 50 వేల డాలర్ల వరకు జరిమానా, అయిదేళ్ల వరకు జైలు అంది.

మన దేశంలో అప్పటికి బేరాలు బహిరంగమే. బొంబాయి, మద్రాసు ఆస్పత్రులకు గల్ఫ్ నుంచి రోగులు వచ్చేవారు. మద్రాసులోని విల్లివాక్కానికి ‘కిడ్నీవాక్కం’ అన్న పేరు పడింది. 1994లో పార్లమెంటు మానవ అవయవాల మార్పిడి చట్టం చేసింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం తెచ్చుకుంది. అమ్మినా, కొన్నా, మధ్యవర్తిత్వం చేసినా నేరమే. అయితే దగ్గరి బంధువు కాకపోయినా, కమిటీ ఒప్పుకుంటే, ఆప్యాయత కొద్దీ కిడ్నీ ఇవ్వొచ్చని కేంద్ర చట్టంలో ఒక వెసులుబాటు ఉంది.

దళారులకు ఆ సందు చాలు. పూట గడవనివాళ్లకు కలిగినవాళ్ల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది!

ఆ ప్రేమకు ఇప్పుడు రుజువులు కావాలి. ఇద్దరూ కలిసి దిగిన పాత ఫొటోలు, మూడేళ్ల ఆదాయ పత్రాలు, ఇవ్వాలని ఎందుకనిపించిందో వివరణ, అన్నీ కమిటీ ముందు పెట్టాలి. ఇంటర్వ్యూను వీడియో తీస్తారు. అయితే ఫొటో నిజంగా పాతదా, నిన్న స్టూడియోలో దిగిందా అన్నది కమిటీలోని డాక్టర్లకు వైద్యవిద్యలో నేర్పే విషయం కాదు.

అమ్మినవాళ్లకు మిగిలిందేమిటి? చెన్నైలో 305 మందిని కలిసి చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. సగటున ముట్టింది 1,070 డాలర్లు, అదీ ముందు ఒప్పుకున్నదానికంటే తక్కువ. ఆపరేషన్ తర్వాత కుటుంబ ఆదాయం మూడోవంతు పడిపోయింది. నలుగురిలో దాదాపు ముగ్గురి నెత్తిన అప్పు అలాగే ఉంది. కిడ్నీ అమ్మమని ఇంకొకరికి చెబుతారా అంటే 79 శాతం మంది చెప్పబోమన్నారు.

చెల్లింపును చట్టబద్ధం చేస్తే దళారీ పోతాడని వాదించేవాళ్లు ఇరాన్‌ను చూపిస్తారు. అక్కడ 1988 నుంచి అనుమతి ఉంది, ప్రభుత్వం కూడా కొంత సొమ్ము ఇస్తుంది. అయినా అక్కడ అమ్మకానికి వచ్చేది పేదలే, ఎక్కువమందిని తరిమేది అప్పులే.

భారత్ 2011 సవరణతో శిక్షను పదేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా పెంచింది. దాంతోపాటు డబ్బు ప్రసక్తి లేని మరో దారీ తెరిచింది: తమవాళ్ల కిడ్నీ సరిపడని రెండు కుటుంబాలు దాతలను ఒకరికొకరు మార్చుకోవచ్చు.