తోప్రా శిలాస్తంభ ప్రయాణము

ఢిల్లీలో నివసించు తెలుగువారిలో ఫిరోజ్ షా కోట్లా పేరు వినని వారుండరు. క్రికెట్ ఆట మూలమున ఆ పేరు మన పల్లెలకును ప్రాకినది. కాని ఆటస్థలము ప్రక్కనే గల శిథిల దుర్గమున, మూడంతస్తుల రాతికట్టడము పైన నిలిచియున్న నున్నని స్తంభమును తీరికగా చూచినవారు కొలదిమందియే. అది ఢిల్లీలో వెలసినది కాదు. క్రీ. పూ. 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి శాసనములు చెక్కించిన ఏకశిల అది. నేటి హర్యానా రాష్ట్రమున యమునానగర్ జిల్లాకు చెందిన తోప్రా గ్రామము దాని పూర్వస్థానము. పొడవు సుమారు 13 మీటర్లు, బరువు సుమారు 27 టన్నులు. ఆవిరియంత్రమును ఉక్కుత్రాడును ఎరుగని కాలమున అంతటి రాతిని బీటవారకుండ తరలించిన విధము మన దేశచరిత్రలో ఒక విశేష ఘట్టము.

1351 మొదలు 1388 వరకు రాజ్యమేలిన ఫిరోజ్ షా తుగ్లక్ కట్టడములపై మక్కువగల సుల్తాను. కాలువలు త్రవ్వించెను, పాత కట్టడములను బాగుచేయించెను, యమునా తీరమున ఫిరోజాబాదు అను క్రొత్త నగరమును నిర్మించెను. తట్టా దండయాత్ర నుండి మరలివచ్చిన పిమ్మట అతని దృష్టి తోప్రా స్తంభముపై పడినదని షమ్స్ సిరాజ్ అఫీఫ్ అను చరిత్రకారుడు వ్రాసినాడు. ఆ స్తంభము భీమసేనుని చేతికర్ర యని నాటి జనుల నమ్మిక. దానిని తన నగరమునకు తెప్పింపవలెనని సుల్తాను సంకల్పించెను. స్తంభము ఢిల్లీ చేరునాటికి అఫీఫ్ పండ్రెండేండ్ల బాలుడు. ఈ తరలింపును సచిత్రముగా వర్ణించు ‘సీరత్-ఇ-ఫిరోజ్ షాహీ’ అను మరియొక గ్రంథపు వ్రాతప్రతి పాట్నాలోని ఖుదాబక్ష్ గ్రంథాలయమున నేటికిని కలదు.

మొదటి చిక్కు రాతిని లాగుట కాదు, పడుకొనబెట్టుట. నిలువురాయి ఒక్కమారు నేలకొరిగినచో రెండు ముక్కలగుట నిశ్చయము. అందుచేత చుట్టుప్రక్కల ప్రజలను, కాల్బలమును, ఆశ్వికులను రప్పించి, బూరుగుదూది మూటలను కుప్పలుగా తెప్పించిరి. స్తంభము చుట్టును దూది పేర్చి, పిదప మొదట మట్టిని త్రవ్విరి. రాయి మెల్లగా ఒరిగి ఆ దూదిపరుపుపై వ్రాలినది. తరువాత దూదిని కొంచెము కొంచెముగా తొలగించుచు, కొన్ని దినములకు దానిని నేలకు దింపిరి. అడుగున ఆధారముగానున్న చదరపు పెద్దరాతిని సైతము పెకలించి తీసిరి. స్తంభమునకు ఆపాదమస్తకము రెల్లును పచ్చితోళ్లును చుట్టి, దారిలో దెబ్బ తగులకుండ కాపు కల్పించిరి.

తరువాతిది భూమార్గము. ఇందులకై 42 చక్రముల బండి నొకదానిని నిర్మించిరి. అన్ని చక్రములేల యను ప్రశ్నకు సామాన్య గణితమే సమాధానము. 27 టన్నులను నాలుగు చక్రములపై మోపినచో ఒక్కొక్క దానిపై ఏడు టన్నులకు దగ్గరగా భారముపడును. మట్టిబాటలో ఆ చక్రము ఇరుసు వరకు దిగబడిపోవును. అదే భారమును 42 చక్రములకు సమముగా పంచినచో ఒక్కొక్క దాని పాలు సుమారు 640 కిలోగ్రాములు మాత్రమే. భారము తగ్గదు, పంచుకొనబడును. లాగు బలమును గూడ ఇట్లే పంచిరి. ప్రతి చక్రమునకు ఒక మోకు కట్టి, ఒక్కొక్క మోకును ఇన్నూరుమంది లాగినారని అఫీఫ్ లెక్క. అనగా మొత్తము 8,400 మంది.

మన ఊళ్లలో రథోత్సవము చూచినవారికి ఇందలి కష్టము సులభముగా బోధపడును. వందలమంది మోకు పట్టినంతనే రథము కదలదు. అందరి బలము ఒక్క క్షణమున కూడవలెను. కదలిన రథమును నిలుపుట అంతకన్న కష్టము. ఉత్సవరథము నాలుగు వీధులు తిరిగి గుడి ముంగిటికి మరలివచ్చును. ఈ బండియో, రాతితో సహా యమునానది ఒడ్డు వరకు పోవలసియుండెను.

సుల్తాను స్వయముగా ఎదురువచ్చి చూడగా, నదీతీరమున స్తంభమును పడవలపైకి మార్చిరి. వానిలో కొన్ని నాటి ఢిల్లీ కొలతలో 5,000, 7,000 మణుగుల ధాన్యము మోయగల పెద్ద పడవలు. నేల నుండి నీటికి, నీటి నుండి నేలకు మారు ఘడియలే ఇట్టి కార్యములలో మిక్కిలి ప్రమాదకరములు. ఏలయన భారము ఒక ఆధారమును విడిచి రెండవ దానిని పూర్తిగా అందుకొనని సమయమది. ఆ గండము గడచి స్తంభము ఫిరోజాబాదు చేరినది. అచట జామీ మసీదు చెంత మెట్లుమెట్లుగా కట్టడమును లేపుచు, ఒక మెట్టు ముగియగానే రాతిని దానిపైకి చేర్చి, మరల మరియొక మెట్టు కట్టిరి. చివరకు మోకులతోను, త్రిప్పుడు రాట్నములతోను కొంచెము కొంచెముగా నెత్తి నిలువుగా నిలిపిరి. దానికి ‘మినారె జరీన్’, అనగా బంగారు స్తంభమని పేరు పెట్టిరి.

ఇంత శ్రమపడి తెచ్చిన రాతిపై వ్రాసియున్నదేమో తెచ్చినవారెరుగరు. సుల్తాను పండితులను పిలిపించినను ఎవరును చదువలేకపోయిరి. బ్రాహ్మీలిపి గుట్టును 1837లో జేమ్స్ ప్రిన్సెప్ విప్పిన పిమ్మటనే ఆ అక్షరములు నోరు తెరచినవి. మరి ఏ ఇతర స్తంభముపైనను కానరాని ఏడవ శాసనము దీనిపై కలదు. అందు అశోకుడు తాను చేసిన పనులు చెప్పుకొనుచు, బాటల వెంట పశువులకును మనుష్యులకును నీడనిచ్చుటకై మర్రిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు వేయించితిననియు, బావులు త్రవ్వించితిననియు, విశ్రాంతి గృహములు కట్టించితిననియు పేర్కొనెను. బాటసారుల సేదకై పలికిన మాటలను మోసికొనిపోయినవారు, తమ భుజబలముననే ఆ మాటలు ఢిల్లీ చేరుచున్నవని ఎరుగక చెమటోడ్చిరి.

ఇదే సుల్తాను మీరట్ నుండి తెప్పించిన రెండవ అశోక స్తంభమునకు ఇంతటి అదృష్టము లేకపోయినది. ఢిల్లీ గుట్టపై వేటభవనమున నిలిపిన ఆ రాయి, 1713–1719 మధ్య ఫరూఖ్ సియర్ ఏలుబడిలో మందుగుండు ప్రేలి ఐదు ముక్కలైనది. ఆ ముక్కలను కూర్చి 1867లో మరల నిలిపిరి. ప్రయాణమున చెదరని రాయి నిలకడలో చెదరినది.

బరువును పెక్కు చక్రములకు పంచు ఈ సూత్రమునే తెలుగునేల మన కాలమున చూచినది. భువనగిరి చేరువ రాయగిరి వద్ద గణపతి స్థపతి ఆధ్వర్యమున తెల్లని గ్రానైటు ఏకశిలలో మలచిన బుద్ధవిగ్రహము 1988లో 192 చక్రముల వాహనముపై భాగ్యనగరమునకు తరలినది. భూమార్గము సుఖముగా గడచినది. నీటిపైననే గండము కాచుకొనియుండెను. 1990 మార్చి 10న హుస్సేన్ సాగరమున పడవబల్ల ఒరిగి విగ్రహము మునిగిపోగా, పనివారు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా నీటి అడుగున నుండిన విగ్రహమును వెలికిదీసి, 1992 డిసెంబరు 1న సాగరమధ్య శిలపై ప్రతిష్ఠించిరి. నేడు ఆ తీరమున విహరించువారు బుద్ధుని ప్రశాంత వదనమును చూచి మురియుదురు. ఆ విగ్రహము వెల యెంతయో తలచువారు అరుదు.

తోప్రా రాతిపై చక్రవర్తి పేరు కలదు. దానిని తెప్పించిన సుల్తాను పేరు దుర్గమునకు కలదు. మోకులు పట్టిన 8,400 మందికి మిగిలినది ఆ అంకె యొక్కటే. ఒక్క పేరైనను చరిత్రకెక్కలేదు. అయినను వారి నేర్పునకు సాక్ష్యము లేకపోలేదు. దూదిపై వ్రాలి, బండిపై సాగి, పడవపై తేలి వచ్చిన ఆ రాతి మెరుగు నేటికిని చెక్కుచెదరక యున్నది. కోట్లా చూడబోవు కుటుంబములు పిల్లలకు అశోకుని కథతోపాటు, ఫిరోజ్ షా కథతోపాటు, ఆ మోకుల కథను గూడ చెప్పుట ఆ శ్రామికులకు దక్కవలసిన గౌరవము.