శ్వేతకేతు మర్యాద – రాధికా సాంత్వనం

వ్యాసభారతం ఆదిపర్వంలో పాండురాజు కుంతికి ఒక పురావృత్తాంతం వినిపిస్తాడు. పూర్వయుగంలో స్త్రీలు స్వతంత్రులై, స్వేచ్ఛావిహారిణులై ఉండేవారనీ, ఆనాడు అది అధర్మంగా పరిగణింపబడలేదనీ అతడి కథనం. ఒకనాడు ఉద్దాలక మహర్షి కన్నులెదుటే ఆయన పత్నిని ఒక విప్రుడు చేయి పట్టుకొని తీసుకొనిపోయాడు. కుమారుడైన శ్వేతకేతువు క్రోధావిష్టుడయ్యాడు. తండ్రి మాత్రం కోపించవద్దనీ, ఇది సనాతన ధర్మమేననీ శాంతవచనాలు పలికాడు. తండ్రి సనాతనమన్న ఆచారాన్నే కుమారుడు ఆ దినాన నిషేధించాడు. ధర్మానికీ ఆచారానికీ భేదమేమిటని చర్చించేవారు ఈ ఘట్టాన్ని ఎంత తరచుగా స్మరిస్తే అంత మంచిది.

ఈ కథ చెప్పడంలో పాండురాజు ప్రయోజనం వేరు. కుంతిని నియోగానికి సమ్మతింపజేయడమే అతడి ఉద్దేశం. దాంపత్యనిష్ఠ ఎలా పుట్టిందో తెలిపే కథను, ఆ నిష్ఠకు మినహాయింపు కోరే సందర్భంలో చెప్పించడం వ్యాసులవారికే చెల్లింది.

శ్వేతకేతువు ఏర్పరచిన మర్యాదలో రెండు భాగాలున్నాయి. భర్తను అతిక్రమించిన భార్యకు పాపం; పతివ్రతయైన భార్యను అతిక్రమించిన భర్తకూ అదే పాపం. మొదటి భాగం లోకంలో స్థిరపడింది. రెండవది గ్రంథంలోనే ఉండిపోయింది. ఆలంకారికులు బహుభార్యలయందు సమానానురాగం చూపే నాయకునికి ‘దక్షిణ నాయకుడు’ అనే గౌరవనామం కల్పించారు. అన్యకాంతతో రాత్రి గడిపి తెల్లవారి వచ్చిన ప్రియుని చూచి కుమిలే స్త్రీకి ‘ఖండిత’ అని పేరు పెట్టారు. ఆమె వేదన రసపోషణకు సామగ్రి అయిందే గాని ధర్మవిచారణకు విషయం కాలేదు.

ఈ నేపథ్యంలో తంజావూరు మరాఠా ప్రభువైన ప్రతాపసింహుని ఆస్థానాన్ని స్మరించాలి. ఆయన పాలనాకాలం 1739 నుండి 1763 వరకు. ఆ ఆస్థాన విదుషీమణి ముద్దుపళని. సంగీత సాహిత్యాలలో ఆరితేరిన గణికాకులంలో పుట్టిన ఆమె, తన కావ్యపీఠికలో మాతామహుల వరుసకు మారుగా తన వంశంలోని స్త్రీల ప్రతిభను, తనకు కృతులు అంకితమైన విశేషాన్ని నిస్సంకోచంగా చెప్పుకొంది. ఆమె రచించిన శృంగారప్రబంధమే ‘రాధికా సాంత్వనం’.

కథ సూక్ష్మమైనది. రాధ తాను పెంచిన ఇళను స్వయంగా కృష్ణునికిచ్చి వివాహం జరిపిస్తుంది. నవవధువుకు హితోపదేశం చేస్తుంది. ఆ ముగ్ధను మృదువుగా చూచుకొమ్మని కృష్ణునికీ చెబుతుంది. ఆ తరువాత విరహం, ఈర్ష్య, అవమానం ఆమెను దహిస్తాయి. చివరకు కృష్ణుడే వచ్చి ఆమెను సాంత్వనపరచవలసి వస్తుంది. రతివర్ణనలు గ్రంథంలో సమృద్ధిగా ఉన్నాయి, కాదనరాదు. అయినా కావ్యానికి ప్రాణం ఆ వర్ణనలు కావు; ప్రియుని పంచుకొనవలసి వచ్చిన స్త్రీ హృదయం. శాస్త్రం ‘దక్షిణ నాయకుడు’ అని మెచ్చిన వానిని ఇందులో నాయిక నిలదీస్తుంది.

శతాబ్దంన్నర గడిచేసరికి కాలం మారింది. ఆంగ్లవిద్యతోపాటు విక్టోరియా యుగపు శీలభావన ఇక్కడి విద్యావంతుల మనస్సులలో ప్రవేశించింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన ధీరుడు. వేశ్యాలోలత్వం వల్ల కుటుంబాలు చితికిపోవడం, ఇల్లాళ్లు కన్నీరు పెట్టడం ఆయన చూచినవే. భోగపు మేళాలపై ఆయన ఆగ్రహానికి కారణం కరుణే. కాని ఆ ఆగ్రహం ముద్దుపళని కావ్యంపైకీ ప్రసరించింది. స్త్రీ వినకూడని, పలుకకూడని మాటలను స్త్రీయే వ్రాసిందని ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ఆయన గర్హించారు.

దానికి సమాధానం బెంగళూరు నాగరత్నమ్మ నుండి వచ్చింది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో పీఠికాపద్యాలు మొదలైనవి లోపించినందున, వ్రాతప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రంగా ప్రకటింపజేసింది. సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా, పురుషులకు అక్కరలేదా అని ఆమె పీఠికలో సూటిగా అడిగింది. పంతులుగారు స్వయంగా పరిష్కరించిన ‘వైజయంతీవిలాసం’లోని శృంగారం మాటేమిటని కూడా ప్రశ్నించింది. శ్వేతకేతు మర్యాదలో లోకం మరచిన ఉత్తరార్ధాన్నే, కావ్యవిమర్శ అనే మరొక రంగంలో, ఆమె జ్ఞాపకం చేసిందనాలి.

ఫలితం మరోవిధంగా పరిణమించింది. 1911లో ప్రభుత్వం గ్రంథాన్ని అశ్లీలమని నిర్ణయించి నిషేధించింది. ప్రతులు జప్తు అయినాయి. వావిళ్లవారూ పండితులూ చేసిన విన్నపాలు నిష్ఫలమైనాయి. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ కృష్ణుని శిరస్సును వామపాదంతో తన్నిన ఘట్టాన్ని మాత్రం పండితులు, విద్యార్థులు నిరాటంకంగా ఆస్వాదిస్తూనే ఉన్నారు. కోపించిన నాయికను పురుషుడు వర్ణిస్తే ప్రబంధం, స్త్రీ వర్ణిస్తే నేరం.

టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో నిషేధం తొలగింది. ఆ సంవత్సరమే మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణను నిషేధించింది. ముద్దుపళని కావ్యం విముక్తమైన వేళకే, ఆ కావ్యానికి జన్మనిచ్చిన కళాకులానికి ఆశ్రయమైన వ్యవస్థ చట్టరీత్యా అంతరించింది. వావిళ్ల పునర్ముద్రణ వచ్చిన 1952లోనే నాగరత్నమ్మ పరమపదించింది.

దాంపత్యధర్మం విషయంలో చట్టం నడక మరింత మందం. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ విధి ప్రకారం, పరుని భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంగమించిన పురుషుడే నేరస్థుడు. తన భర్త దారితప్పితే ఫిర్యాదు చేసే అధికారం భార్యకు లేదు. భర్త సమ్మతిస్తే నేరమే లేదు. పత్నిని సొత్తుగా భావించే దృష్టి ఇది. శ్వేతకేతువు చెప్పినది ఇది కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం పురుషునికీ ఏకపత్నీత్వాన్ని విధించింది. 2018 సెప్టెంబరు 27న సర్వోన్నత న్యాయస్థానం 497వ విధిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. పరస్త్రీ, పరపురుష సంగమం నేడు కారాగారశిక్షకు హేతువు కాదు. వివాహవిచ్ఛేదానికి మాత్రం హేతువు. ఆ కారణంతో న్యాయస్థానాన్ని ఆశ్రయించే అధికారం భర్తకెంతో భార్యకూ అంతే.